కవోర్‌కి చెప్పిన మాట

జిరాయర్ లాయరు పట్టా పుచ్చుకుని నెల తిరగలేదు, రొట్టెల పాక ముందు ఆ గొడవ జరిగింది.

పెట్రోలు బంకు సెరోబ్ పొద్దున్నే ఇద్దరు కొలతలవాళ్ళను, ఒక కాగితాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పాకలో వర్సెనిక్ మోకాళ్ళ మీద కూర్చుని, నేలలో పాతిన తోనిర్ పొయ్యిలోకి వంగి లవాష్ రొట్టె చరుస్తోంది. ఆమె వెనక వీధి ఆడవాళ్ళు ఆరుగురు. పిండి కలిపేది ఒకతె, ఉండలు చేసేది ఒకతె, ఊరి కబుర్లు మోసేవాళ్ళు నలుగురు.

"లేవండి, లేవండి. ఈ పాక అక్రమ కట్టడం. స్థలం మా తాతది. రేపు పడగొట్టేస్తున్నా," అన్నాడు సెరోబ్.

"పడగొట్టు. రేపట్నించి రొట్టెలకి బదులు నీ బంకులో పెట్రోలు తాగుతాం," అంది వర్సెనిక్, తల ఎత్తకుండా.

అప్పుడు వచ్చాడు జిరాయర్. చచ్చిపోయిన తండ్రి కోటు తొడుక్కున్నాడు, చేతులు వేళ్ళ దాకా జారుతున్నాయి. కాగితం తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. మర్యాదగా మడిచి సెరోబ్ చేతికే ఇచ్చాడు.

"సెరోబ్ అన్నా, మీ తాతగారి పెళ్ళి ఎక్కడయింది?"

"నా తాత పెళ్ళితో నీకేం పనిరా?"

"ఆ రోజుల్లో సర్కారు చర్చికి తాళం వేసింది కదా. మీ తాత, మీ అవ్వ చేయీ చేయీ పట్టుకుని ఈ తోనిర్ చుట్టూ మూడుసార్లు తిరిగారు. అదే పెళ్ళి. అవునా కాదా, వర్సెనిక్ పిన్నీ?"

"మా అత్త కళ్ళారా చూసింది. పెళ్ళికూతురు చెప్పు పొయ్యిలో పడిందట కూడా."

"విన్నావుగా. ఇప్పుడు ఈ తోనిర్ అక్రమం అంటే ఆ పెళ్ళీ అక్రమమే. ఆ పెళ్ళి అక్రమం అయితే మీ నాన్న..." జిరాయర్ ఆగి, ఆడవాళ్ళవైపు చూసి తల దించుకున్నాడు. "నేను అననులే. నువ్వే రాసుకో అర్జీలో. మా నాన్న ఫలానా విధంగా పుట్టాడు కనుక, ఈ స్థలానికి నేనే వారసుణ్ణి అని రాయి. నేనే కోర్టులో గట్టిగా చదివి వినిపిస్తా."

ఆడవాళ్ళు ముందు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, తరవాత అదీ మానేశారు. కొలతలవాళ్ళలో ఒకడు టేపు చుట్టుకుంటూ గోడవైపు తిరిగి నవ్వాడు. సెరోబ్ చెవులు ఎర్రబడ్డాయి.

"చదువుకున్న నాలుక!" అని ఉమ్మేసి పోయాడు.

"ఆ నాలుకకి రొట్టె పెట్టింది ఈ పొయ్యే," అంది వర్సెనిక్. వేడి లవాష్‌లో జున్ను, ఆకుకూర చుట్టి జిరాయర్ చేతిలో పెట్టింది. వాడు పుల్లలా ఉన్నాడు. నాలుగు తిన్నాడు.

జిరాయర్ తండ్రి రాతి గనిలో పోయాడు. తల్లి క్నారిక్ ఊరివాళ్ళ కోట్లు తిరగేసి కుట్టి వాణ్ణి రాజధానిలో చదివించింది, చదువు పూర్తయ్యే ఏడాది తనూ పోయింది. ఆ తరవాత వాడు రాజధాని నుంచి వస్తే బస్సు దిగి నేరుగా వర్సెనిక్ ఇంటికే వచ్చేవాడు. వర్సెనిక్ చదివింది నాలుగు తరగతులు. అయిదోది చదువుదామనుకునేసరికి ఆవు ఈనింది, పాలు పితికే మనిషి కావలసివచ్చింది. అందుకని ఆమెకు చిన్నతనమేమీ లేదు. చదువుకున్నవాళ్ళు తన వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఎంత తప్పుగా మాట్లాడతారో ఆమె చాలాసార్లు చూసింది. జిరాయర్ మాత్రం తప్పు మాట్లాడేవాడు కాదు.

పదేళ్ళు జిల్లా కోర్టులో దొంగల తరఫున, దొంగలనిపించుకున్నవాళ్ళ తరఫున వాదించాడు. ఫీజుకింద జున్ను, చిక్కుడుగింజలు, ఒకసారి బతికున్న టర్కీ కోడి వచ్చింది. దాన్ని చంపడానికి మనసు రాక వర్సెనిక్ దొడ్లో వదిలాడు. అది వాడికంటే పొగరుగా తిరిగింది.

ఆ పదేళ్ళలోనే దేశమంతా కరెంటు లేని చలికాలం ఒకటి వచ్చింది, అప్పుడే వర్సెనిక్ కొడుకు మాన్వెల్ పెళ్ళి జరిగింది. పొయ్యిలోకి కర్ర లేక జనం పుస్తకాలు కాల్చుకున్న రోజులు. పక్క ఊరి పాదిరీ మంచులో నడిచి వచ్చి, వంటింట్లోనే మంత్రం చదివి, పెళ్ళి ఏ పుస్తకంలోనూ రాయకుండా తిరిగి వెళ్ళిపోయాడు. పెళ్ళికి కవోర్ కావాలి. జంట తలల మీద శిలువ పట్టుకుని, ఆ ఇంటికి చచ్చేదాకా పెద్దదిక్కుగా ఉండేవాడు కవోర్. కవోర్ వస్తే తలుపు మూయరు. కవోర్ కుక్క కరిచినా కర్ర ఎత్తరు. కవోర్ దగ్గర మాట దాయరు. ఒక చేత్తో శిలువా, ఇంకో చేత్తో లాంతరూ పట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడ్డవాడు జిరాయర్. మర్నాడు భుజం పట్టేస్తే వర్సెనిక్ వెల్లుల్లి నూనె రాసింది.

ఆ పెళ్ళికి వచ్చిన చుట్టాలు పదిమందిలో ఏడుగురు ఇప్పుడు మట్టిలో ఉన్నారు. మిగిలినవాళ్ళు రష్యాలో ఉన్నారు.

తరవాత జిరాయర్ రాజధానికి మకాం మార్చాడు. జైళ్ళలో మగ్గేవాళ్ళ కేసులు పట్టాడు, పెద్దవాళ్ళ మీద గెలిచాడు, పేపర్లలో పడ్డాడు. ఆపై ప్రభుత్వం మారింది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఏ మచ్చా లేని మనిషి కావలసివచ్చి, దేశ భద్రత చూసే కుర్చీలో జిరాయర్‌ని కూర్చోబెట్టారు. యూనిఫారం తొడగనివాడు, తుపాకి పట్టనివాడు ఆ కుర్చీ ఎక్కడం అదే మొదలు. టీవీలో కనిపించాడు. ఈసారి కోటు సరిగ్గా సరిపోయింది.

"జడ్జి సంతకం లేకుండా ఈ దేశంలో ఎవరి ఫోనూ వినబోము. చట్టం కంటే ఎత్తయిన కుర్చీ లేదు. నాదీ కాదు," అన్నాడు.

వీధంతా వర్సెనిక్ ఇంట్లోనే చూసింది. పక్కింటి హ్రాచిక్ మల్బరీ సారా సీసా తీసి, "మన ఊరి రొట్టె తిన్నవాడు!" అని గ్లాసు ఎత్తాడు.

"రొట్టె కాదు, నా రొట్టె. మీ ఆవిడ చేసేది కుక్కకూడా తినదు," అంది వర్సెనిక్. ఏడుపొచ్చినప్పుడల్లా ఆమె ఎవరినో ఒకరిని తిట్టేది.

మూడేళ్ళు బాగానే నడిచింది. నాలుగో ఏడు ఎకసెక్కాలు మొదలయ్యాయి. లాయరు గారు పట్టింది ఎవరిని? ఒక్క గూఢచారి అయినా దొరికాడా? చట్టం పుస్తకంతో ఈగలు కొడుతున్నారు కాబోలు అని పేపర్లు రాశాయి. మార్కెట్లో పేపరువాళ్ళు వేసిన ఈగల బొమ్మ చూపించి సెరోబ్, "మీవాడు ఈగల్ని బాగా పడతాట్ట కదా వర్సెనిక్!" అన్నాడు.

"నీ బంకులో ముసిరేవాటిని కూడా పట్టమని చెప్తాలే," అంది ఆమె. కాని ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం జిరాయర్ చెప్పాపెట్టకుండా వచ్చాడు. కారు దూరంగా ఆపి నడిచి వచ్చాడు. కోడలు మారో పిల్లలతో పుట్టింటికి వెళ్ళింది. బల్ల దగ్గర ముగ్గురే కూర్చున్నారు. వర్సెనిక్ ద్రాక్షాకుల్లో మాంసం చుట్టిన డోల్మా వడ్డించింది, పైన వెల్లుల్లి పెరుగు పోసింది. మాన్వెల్ గ్లాసులు నింపాడు. వాడు గనిరాళ్ళ లారీ నడుపుతాడు. పర్వతం అవతల పొరుగుదేశం సంతదాకా వెళ్ళి వస్తుంటాడు.

మొదటి గ్లాసు పోయినవాళ్ళకి. రెండోది క్నారిక్‌కి విడిగా. మూడో గ్లాసు మాన్వెల్ ఎత్తలేదు.

"కవోర్, ఒక మాట. నెల్లాళ్ళుగా లోపలే మోస్తున్నా."

"చెప్పరా. నా దగ్గర కాకపోతే ఎవరి దగ్గర చెప్తావు?"

"పోయిన నెల అవతల సంతలో ఒకడు కలిశాడు. మాట కలిపి బీరు పోయించాడు. మీ రోడ్డు ఈమధ్య ఇంత నెమ్మదేంటి అన్నాడు. మిలిటరీ లారీలు అడ్డం, రోజుకి ముప్ఫై, అన్నీ కనుమ వైపే పోతున్నాయి అన్నాను. ఊరికే గొప్పకి అన్నాను, కవోర్. ఇప్పుడు వాడు ఫోన్ చేస్తున్నాడు. ఈ వారం ఎన్ని పోయాయి అని అడుగుతున్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. భయమేస్తోంది."

వర్సెనిక్ చేతిలోని గరిటె ఆగింది. "నీ నోట్లో మట్టి కొట్ట! బీరు కోసం నోరు తెరిచావురా?"

"ఆగు పిన్నీ," అన్నాడు జిరాయర్. మాన్వెల్ భుజం మీద చేయి వేశాడు. "చెప్పి మంచిపని చేశావు. ఆ నంబరు ఇలా రాసివ్వు."

"మీ ఆఫీసుకి వచ్చి నేనే అంతా రాసి సంతకం పెడదామనుకున్నా. రేపు రానా?"

జిరాయర్ డోల్మా ఒకటి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు.

"కవోర్‌కి చెప్పాక ఇంకా కాగితం ఎందుకురా? నేను చూసుకుంటా. ఎవరికీ చెప్పకు."

మాన్వెల్ వాడి చేయి ముద్దు పెట్టుకున్నాడు. మూడో గ్లాసు అప్పుడు ఎత్తాడు. ఆ రోజు వర్సెనిక్ ప్రాణం కుదుటపడింది. వెళ్ళేటప్పుడు జిరాయర్‌కి ఒక గిన్నె డోల్మా కట్టి ఇచ్చింది.

పన్నెండో రోజున గని గేటు దగ్గర లారీ ఆపి మాన్వెల్‌ని పట్టుకుపోయారు. సాయంత్రం టీవీలో చూపించారు. మొహం మీద బట్ట కప్పారు గాని, వాడు తొడుక్కున్న ఊదారంగు స్వెటరు వర్సెనిక్ స్వయంగా అల్లింది. దేశద్రోహి దొరికాడు, మా నిఘాతోనే దొరికాడు అని జిరాయర్ చెప్పాడు. చెప్తూ కాగితంలోకే చూశాడు, ఒక్కసారీ తల ఎత్తలేదు. ఈగల మాట ఆ తరవాత ఏ పేపరూ రాయలేదు.

ఆమె రాజధానికి వెళ్ళింది. వట్టి చేతులతో ఎవరింటికీ వెళ్ళి ఎరగదు కాబట్టి లోపల వెన్న పెట్టిన తీపి గాతా రొట్టె కాల్చి పట్టుకెళ్ళింది. గేటు దగ్గర కాపలావాడు దాన్ని కత్తితో నాలుగు ముక్కలు చేసి లోపల చూశాడు.

"ఏం దొరికింది నాయనా, లోపల? వెన్నేనా?"

"అవ్వా, రూలు."

"నీ రూలు కూడా తిను, ఆకలితో ఉన్నట్టున్నావు," అని ఒక ముక్క వాడి చేతిలో పెట్టింది.

జిరాయర్ గది ఆమె ఇల్లంత ఉంది. బల్ల పక్కన ఇంకెవరో రాసుకునే మనిషి కూర్చుని ఉన్నాడు. జిరాయర్ లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి. మీ అర్జీ ఏమిటో చెప్పండి."

వర్సెనిక్ వెనక్కి తిరిగి చూసింది, తన వెనకాల ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు.

"ఎవర్రా నీకు 'మీరు'?"

"మీ అబ్బాయి విషయం విచారణలో ఉంది. దాని గురించి నేను మాట్లాడటానికి చట్టం ఒప్పుకోదు, అమ్మా."

"చట్టం సంగతి నాకు తెలియదు. నువ్వు తిన్న డోల్మా సంగతి నాకు తెలుసు. పద్నాలుగు తిన్నావు. గిన్నె ఇంకా తిరిగి ఇవ్వలేదు."

రాసుకునే మనిషి కలం ఆపాడు. జిరాయర్ గోడ గడియారం చూశాడు. ఇద్దరు కాపలావాళ్ళు వచ్చి, మర్యాదగానే, ఆమెను మోచేతుల దగ్గర పట్టుకుని బయటికి తీసుకెళ్ళారు. గాతా మూడు ముక్కలు బల్ల మీదే ఉండిపోయాయి. బస్సులో కూర్చున్నాక ఆమెకు అదే బాధ తొలిచింది. ఆ ముక్కలు వాడు తింటాడేమోనని.

మాన్వెల్ తరఫున వాదించడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి షుషాన్ అనే పిల్ల వచ్చింది. ఒకప్పుడు జిరాయర్ దగ్గరే పని నేర్చుకుంది. బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "నేను వాదిస్తే మీకు అభ్యంతరమా? ఆయన శిష్యురాలిని," అంది.

"ఏం నేర్చుకున్నావు వాడి దగ్గర?"

"ఎదుటివాడి కాగితం రెండుసార్లు చదవడం."

"లోపలికి రా. బూట్లు విప్పు."

షుషాన్ కాగితాలు బల్ల మీద పరిచి, వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది. ఎవడైనా ఇలాంటి తప్పు చేసి, పట్టుబడకముందే తనంతట తాను వచ్చి చెప్పుకుంటే శిక్ష ఉండదు. చట్టంలో ఆ ముక్క స్పష్టంగా ఉంది. ఆ సోమవారం మాన్వెల్ ఆఫీసుకు వెళ్ళి అరపేజీ రాసి ఇచ్చి ఉంటే, ఆ సాయంత్రానికి ఇంట్లో ఉండేవాడు.

వర్సెనిక్ చాలాసేపు ఆ అక్షరాల వైపు చూసింది. ఆమెకు అవి కూడబలుక్కుంటే గాని రావు. అయినా కూడబలుక్కుంది, ఒక్కొక్క మాటే, చివరిదాకా.

"ఈ ముక్క జిరాయర్‌కి తెలియదా?"

షుషాన్ కాగితం మీద నుంచి వేలు తీసింది. "ఈ ముక్క నాకు నేర్పింది ఆయనే, పిన్నీ."

పరాయివాడికైతే మాన్వెల్ రాసి సంతకం పెట్టేవాడు, రసీదు కూడా అడిగేవాడు. కవోర్‌ని ఎవరైనా రసీదు అడుగుతారా? ఈ దేశంలో పుట్టిన ఏ తెలివిగలవాడైనా ఆ బల్ల దగ్గర వాడు చేసిందే చేస్తాడు. అదే వర్సెనిక్ గుండెలో మేకులా దిగింది. పిల్లవాడి బుద్ధితక్కువ అయితే తిట్టి ఊరుకునేది. ఇది తను పెంచిన పద్ధతి. తను పెట్టిన డోల్మా.

"ఇంకోటుంది," అంది షుషాన్. ఫైలులో జిరాయర్ సంతకంతో ఒక కాగితం ఉంది. ముద్దాయి కుటుంబంతో తనకు ఏ బంధమూ లేదని, ఆ ఇంట్లో ఎన్నడూ అడుగు పెట్టలేదని అందులో రాసుంది. "ఆయన మాటకి ఎదురు మీ మాట ఒక్కటే. ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర ఉన్నది మీరు. పెళ్ళిలో ఉండి ఇప్పుడు ఊళ్ళో మిగిలింది మీరు, మారో. మారో ఆ మధ్యాహ్నం పుట్టింట్లో ఉంది. జడ్జి మిమ్మల్ని సాక్షిగా పిలిచాడు. మార్చి పంతొమ్మిది. మీ మాట నమ్మితే మాన్వెల్ ఇంటికి వస్తాడు. నమ్మకపోతే పన్నెండేళ్ళు."

"ఊరందరికీ తెలుసు కదే, వాడు మా కవోరని."

"అడిగాను. అందర్నీ అడిగాను."

"ఏమన్నారు?"

షుషాన్ కాగితాలు సర్దుకుంది. వర్సెనిక్ తనే వీధిలోకి వెళ్ళి హ్రాచిక్ తలుపు తట్టింది. హ్రాచిక్ నడుం పట్టిందని చెప్పించాడు. నిన్న సాయంత్రమే ఆ నడుంతోనే వాడు ద్రాక్షపందిరి ఎక్కడం ఆమె చూసింది.

మార్చి పదిహేడున, మిట్టమధ్యాహ్నం, ఆమె గుమ్మంలో కూర్చుని గోధుమరవ్వలో రాళ్ళు ఏరుతోంది. సందు చివర జిరాయర్ కనిపించాడు. ఒక్కడే. టోపీ కిందికి లాగుకుని నడిచి వచ్చాడు. ఆమె లేవలేదు. తలుపు మాత్రం తీసే ఉంది. కవోర్ కోసం మూయడం ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు.

వాడు లోపలికి రాకుండా, ఆమెకు ఎదురుగా, చిన్న పీట మీద కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"బాగున్నావా పిన్నీ?"

"మీరు బాగున్నారా, అయ్యగారూ?"

జిరాయర్ మొహం తుడుచుకున్నాడు. "అక్కడ పక్కన మనుషులున్నారు. ఇంకెలా పిలవను?"

"అవును మరి. నా కొడుకుని కూడా మనుషులున్నారనే పట్టుకుపోయావు కాబోలు."

"అప్పటికి నన్ను తీసేయబోతున్నారు. వారంలో తీసేసేవాళ్ళు. నా చోట పాతవాళ్ళు వచ్చేవాళ్ళు, గోళ్ళు పీకేవాళ్ళు. వాళ్ళని నాలుగేళ్ళు బయట ఆపాను, తెలుసా నీకు? నా చేతిలో ఒక్కడైనా ఉండాలి, పేరు చెప్పడానికి. ఒక్కడు."

"దేశంలో ఒక్కడే దొరికాడు నీకు. మా వంటింట్లో."

వాడు రవ్వ పళ్ళెంలోకి చూశాడు. అలవాటు కొద్దీ ఒక రాయి ఏరి పక్కన పెట్టాడు. వర్సెనిక్ ఆ రాయిని తీసి మళ్ళీ రవ్వలో వేసింది.

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. కాగితం ఎందుకురా అన్నావే, అప్పుడే అనుకున్నావా? నా బల్ల దగ్గర, నా తిండి నోట్లో పెట్టుకునే అనుకున్నావా? లేకపోతే కారెక్కాక అనుకున్నావా?"

సందులోంచి ఎవరో సైకిలు మీద వెళ్ళారు, చూసి, చూడనట్టు వెళ్ళారు. కోర్టులో ఏ ప్రశ్నకూ తడుముకోని మనిషికి ఈ ఒక్కదానికి బదులు చెప్పడానికి చాలాసేపు పట్టింది.

"కారెక్కాక," అన్నాడు.

అది అబద్ధమని ఆమెకు అర్థమైంది. ఆమె రవ్వ పళ్ళెం పక్కన పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంది.

"ఎల్లుండి నువ్వు ఆ బోనెక్కితే నేను అయిపోతాను పిన్నీ. కుర్చీ ఒక్కటే కాదు. ఆ కాగితం మీద సంతకం ఉంది, నన్నూ లోపల వేస్తారు. ఈస్టరుకి క్షమాభిక్ష జాబితా వస్తుంది. అందులో మాన్వెల్ పేరు నేను పెట్టిస్తాను. ప్రమాణం చేసి చెప్తున్నా."

"దేని మీద?"

అమ్మ మీద అందామనుకున్నాడేమో. ఇంటి మీద, రొట్టె మీద, పెళ్ళిలో పట్టిన శిలువ మీద అందామనుకున్నాడేమో. ఏదీ అనలేకపోయాడు. ముందుకు వంగి, ఎన్నో ఏళ్ళ తరవాత, ఆమె చేయి పట్టుకున్నాడు. ఆమె లాక్కోలేదు, అలాగని వేళ్ళు ముడవనూ లేదు.

"నిన్ను అబద్ధం చెప్పమనను పిన్నీ. నీకు అబద్ధం చేతకాదని నాకు తెలుసు," అన్నాడు జిరాయర్. "జడ్జి నన్ను చూపించి, ఈయన మీ ఇంటి కవోరేనా, ఆ రోజు మీ బల్ల దగ్గర కూర్చున్నాడా అని అడుగుతాడు. నువ్వు నా వైపు చూడొద్దు. చదువులేనిదాన్ని బాబూ, ముసలిదాన్ని, నాకేమీ గుర్తులేదు అని చెప్పు. అంతే. అంతకంటే ఇంకేమీ అక్కర్లేదు."